తాత అరచేతి తూకం

మా సీతారామ తాత రాజపాళయంలో ఒక నూలు మిల్లులో ముప్పైరెండేళ్లు ఎలక్ట్రీషియన్. ట్యూబ్‌లైటు చోక్ కొనాలంటే డబ్బా మీద ఏం రాశారో చదివేవాడు కాదు. అరచేతిలో పెట్టుకుని, కళ్లు మూసుకుని రెండుసార్లు ఎగరేసేవాడు. బరువుంటే లోపల రాగి ఉన్నట్టు, తేలిగ్గా ఉంటే మోసమన్నట్టు. ఆ తూకం ఒక్కసారి కూడా తప్పలేదట. ఆ మాట చెప్పేదీ ఆయనే.

రిటైరయ్యాక తాత ప్రాణమంతా మంసాపురం అవతల కొండ కిందున్న మామిడి తోట మీదే. తొట్టిలో నీళ్లున్నాయో లేదో చూడటానికి రోజుకు రెండుసార్లు బస్సెక్కేవాడు. పోయిన నెల గట్టు మీద జారి మోకాలు వాచింది. దాంతో మా నాన్న హరికృష్ణన్ తోటను గుత్తకు ఇచ్చేస్తానన్నాడు.

"నైనా, తోటకు పోకుండా పది దినాలు తొట్టి సంగతి ఇంట్లో కూచోని చెప్పు. చెప్తే తోట నీది. లేకుంటే గుత్తే తాన్."

తోటలో ఫోన్ సిగ్నల్ రాదు. చిన్న రేడియో బోర్డులుంటాయని నేను ఫోనులో వెతికి పట్టుకున్నాను. తొట్టిలో నీటిమట్టం కొలిచేది ఒకటి, మంసాపురంలో పాపాత్తి అత్త మేడ మీద ఒకటి, మా ఇంట్లో ఒకటి. మిల్లు మోతలో ఒకరి కేక ఇంకొకరు అందుకుని వరస చివరిదాకా చేర్చినట్టు, ఇవి కూడా మాటను ఒకదాన్నుంచి ఒకటి అందుకుని మా ఇంటి ఫోనుకు చేరుస్తాయి.

వాటిలో రెండు రకాలు కనబడితే, రకానికి రెండేసి తెప్పించాను. మొదటి రకానికి తెర, వైఫై, ఇనప పెట్టె ఉన్నాయి. రెండోది తెర కూడా లేని పల్చటి ముక్క. తాత చెరో అరచేతిలో ఒక్కోటి పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"ఇది అప్పళం మాదిరి ఉంది. దీన్లో ఏముంటుంది?"

"కరెంటు తక్కువ తాగుతుంది తాతా. దాన్లో పదో వంతు."

"అంత తక్కువ తాగేది ఏం పని చేస్తుంది? ఎన్ని మోటర్లు చూసినాను నేను."

"ఇది మోటరు కాదు తాతా."

"యామినీ, నువ్వు ప్లస్ టూ ముగించినావా?"

ఆ ప్రశ్న పడిందంటే మా ఇంట్లో నా వాదన అయిపోయినట్టే.

బరువైనవి రెండూ నేనే తీసుకెళ్లి తోటలో, మేడ మీద బిగించాను. ఇంట్లో ఒక అప్పళం పెట్టాం. రెండో రోజు మధ్యాహ్నానికి ఫోనులో తొట్టి మాయమైంది. బరువైన బోర్డులు బ్యాటరీలను పీల్చేసి పడుకున్నాయి. అరగంటకు చూస్తే గడప దగ్గర తాత చెప్పులు లేవు.

బస్టాండులో పట్టుకున్నాను. టిఫిన్ క్యారియర్ మూత తీస్తే పైన మర్యాదకు ఒక ఇడ్లీ, కింద రెండు బ్యాటరీలు.

"ఎక్కడికి తాతా?"

"సుమ్మా, ఊరికే పాపాత్తిని చూసేదానికి."

"అత్త బ్యాటరీలు తింటుందా?"

"అరవద్దు. మీ నాయన చెవిలో పడుతుంది."

ఎవరూ అరవకుండానే, సాయంత్రం ఖాళీగా ఉన్న ఫోను చూసి నాన్న పది దినాల లెక్కను మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు. ఆలోపు నేను వెళ్లి రెండు బోర్డులూ విప్పుకొచ్చాను.

మర్నాడు పొద్దున తాత అప్పళం ముక్కను మళ్లీ అరచేతిలోకి తీసుకున్నాడు. ఈసారి కళ్లు మూసుకోలేదు. మిల్లు నాటి మీటరు దుమ్ము దులిపి రెండు రకాలనూ కొలిచాడు. బరువైనదానికి ముల్లు పరుగెత్తింది. పల్చటిదానికి నిద్రలో ఒత్తిగిల్లినట్టు కాస్త కదిలింది.

"మీటరు చెప్పింది కాబట్టి ఒప్పుకున్నాను. నువ్వు చెప్పినందుకు కాదు."

"సరి తాతా."

పల్చటివి రెండూ చెరో చిన్న సోలార్ పలకతో తోటకూ మేడకూ వెళ్లాయి. బరువైనది ఇంటి ప్లగ్గుకు తగులుకుంది.

"పెద్దమనిషి ఇంట్లోనే కూచుంటాడు," అన్నాడు తాత, మోకాలు నిమురుకుంటూ.

మంసాపురం బస్సు హారన్ వినబడినప్పుడల్లా లేచి నిలబడేవాడు. ఫోను చూసి మళ్లీ కూర్చునేవాడు. అలా తొమ్మిది రోజులు గడిచాయి. పదో రోజు నాన్న నమ్మకం కుదరక తనే తోటకు వెళ్లాడు. తొట్టిలో కర్ర ముంచి చూసి, తన ఫోనును అక్కడి బోర్డుకు కలిపి దాని ద్వారానే ఇంటికి సందేశం పంపాడు.

"నైనా, కర్ర ముప్పావు అంటా ఉంది. నీ ఫోను?"

"ముప్పావే," అని తాత ఒంటివేలితో కొట్టాడు.

కాసేపటికి జవాబు వచ్చింది. "అట్లయితే గుత్త వద్దు."

తాత దాన్ని నా చేత రెండుసార్లు చదివించుకుని, కళ్లద్దాలు తుడుచుకుని, మళ్లీ వేలు పెట్టాడు.

"సరి. వచ్చేటప్పుడు గేటు మూసి రా. పోయినసారి మేక దూరింది."