రాత్రి పాళీ మనిషికి పొద్దుటి రక్తపరీక్ష

2021, కరోనా రెండో వేవ్ తగ్గిన వర్షాకాలం. సూరత్‌లో వరాఛా దగ్గర ఒక హార్మోన్ల డాక్టరు క్లినిక్‌లో నేను నర్సుని. డాక్టరు గుజరాతీ, మహా నెమ్మదస్తుడు. తెలుగు పేషెంటు వస్తే చాలు, నన్ను పిలిచి పక్కన నిలబెట్టుకునేవారు. ఆయన హిందీని వాళ్లకు, వాళ్ల తెలుగును ఆయనకు అందించడం నా పని. కుర్చీల మధ్య ఎడం, మాస్కుల వెనక మాటలు, చేతులకు ఎప్పుడూ శానిటైజర్ వాసన. ఆ రోజుల మీద కూడా బెంగ పెట్టుకుంటానని అప్పుడెవరైనా అంటే నవ్వేదాన్ని. ఇప్పుడు నిజంగానే బెంగగా ఉంటుంది.

ఒక పొద్దున రాజమల్లు, భార్య పద్మతో వచ్చాడు. సిరిసిల్ల వైపు కుటుంబం. సూరత్ పక్కనున్న కిమ్ ఊళ్లో సాంచాల మీద, అంటే పవర్‌లూమ్‌ల మీద పని. ముప్పై దాటలేదు. కరోనా వచ్చిపోయాక ఒంట్లో సత్తువ లేదు, కీళ్ల నొప్పులు, భార్య దగ్గరికి వెళ్లాలన్న కోరిక లేదు. ఈ చివరి మాట చెప్పడానికి ముందు గోడ మీది క్యాలెండర్ మొత్తం చదివాడు పాపం. పెళ్లయి ఏడాది కావస్తోంది, పిల్లల కోసం ఇద్దరూ ఎదురుచూస్తున్నారు.

అప్పటికే బయట ల్యాబ్‌లో పరీక్ష చేయించుకుని రిపోర్టు తెచ్చాడు. టెస్టోస్టెరోన్ తక్కువ. మగవాళ్లకు కండ, హుషారు, కోరిక ఇచ్చే హార్మోన్ అది. ఈస్ట్రాడయోల్ కూడా తక్కువే. అది ఈస్ట్రోజెన్‌లో ఒక రకం.

"గది ఆడోళ్లది గదక్కా. తక్కువుంటే మంచిదే గద," అన్నాడు.

డాక్టరు నవ్వారు. మగవాడి ఒంట్లో టెస్టోస్టెరోన్ కొంత ఈస్ట్రోజెన్‌గా మారుతుందనీ, ఎముకల గట్టిదనానికీ కోరికకూ మగవాళ్లకూ అది కావాలనీ, మొదటిది తగ్గితే రెండోదీ తగ్గుతుందనీ చెప్పారు. నేను తెలుగులో చెప్పగానే రాజమల్లు భార్య వైపు తిరిగాడు.

"మీ సరుకు మాక్గూడ కావాల్నట."

పద్మ మాస్కు లోపలే నవ్వింది. నవ్వు తగ్గకముందే అతను జేబులోంచి చిన్న సీసా తీసి నా చేతిలో పెట్టాడు. టెస్టోస్టెరోన్ ఇంజెక్షన్. తోటి పనివాడు ఎవరో జిమ్‌లో తెలిసినవాళ్ల దగ్గర ఇప్పించాడట.

"జర గీ సూది ఏసెయ్యక్కా. ఏస్కుంటే మల్ల మనిషినైతనన్నడు."

సీసా చూడగానే డాక్టరు ముఖం మారిపోయింది. టెస్టోస్టెరోన్ బయటి నుంచి ఎక్కిస్తే ఒళ్లు దాన్ని సొంతంగా తయారుచేసుకోవడం మానేస్తుంది. వీర్యకణాల తయారీ పడిపోతుంది, ఆగిపోయినా ఆగిపోవచ్చు. పిల్లలు కావాలని వచ్చినవాడికి ఈ సూది పనికిరాదు. ఇదంతా తెలుగులో చెబుతున్నప్పుడు నేను పద్మ ముఖం చూడలేకపోయాను. ఆమె మాత్రం నా చేతిలోని సీసా తీసుకుని, భర్తకు అందకుండా బల్లకు అవతలి అంచున పెట్టింది.

డాక్టరు ఇంకేదో అడగబోయేసరికి రాజమల్లు కుర్చీలోనే కునికిపాట్లు పడుతున్నాడు.

"రాత్ పాళీ చేసి సీద గిటే అచ్చిండక్కా. ఇగ ఇంటికి వొయ్యి పండుకుంటడు," అంది పద్మ.

నేను ఆ మాట హిందీలో చెప్పగానే డాక్టరు పెన్ను కింద పెట్టి, పరీక్ష రోజున కూడా ఇలాగే డ్యూటీ దిగి వెళ్లాడా అని అడిగారు.

"ఔ. పొద్దుగాల్నే రమ్మన్నరు గద, పొద్దుగాల్నే పోయిండు."

ఈ హార్మోన్ నిద్రలో పెరిగి, లేచే వేళకు ఎక్కువగా ఉంటుంది. అందుకే రక్తం పొద్దున తీస్తారు. రాత్రంతా సాంచాల మధ్య నిలబడి వచ్చినవాడికి అది పడుకునే వేళ, అప్పుడు తీస్తే తక్కువే కనిపించవచ్చు. పైగా పెద్ద జబ్బు చేస్తే కూడా కొన్నాళ్లు ఇది తగ్గి ఉంటుంది. డాక్టరు మందు రాయలేదు. పగటి పాళీకి మారి, కొన్నాళ్లు రాత్రిపూట కంటినిండా నిద్రపోయి, అప్పుడు మళ్లీ పరీక్షకు రమ్మన్నారు.

"శేటు ఒప్పుకోడక్కా," అని గొణిగాడు రాజమల్లు.

"ఎందుకొప్పుకోడు? నేనొచ్చి మాట్లాడ్త," అంది పద్మ.

దీపావళి ముందు మళ్లీ వచ్చారు. పద్మ వెళ్లి మాట్లాడితే సాంచాల యజమాని పగటి పాళీ ఇచ్చాడట. ఈసారి రక్తం నేనే తీశాను. రిపోర్టులో రెండూ మామూలు స్థాయికి వచ్చాయి. నాకు పట్టలేని సంతోషం. డాక్టరు మాత్రం, కొందరికి నిజంగానే లోటు ఉంటుంది, వాళ్లకు చికిత్స తప్పదు, అందరికీ నిద్రే మందనుకోవద్దని నన్ను హెచ్చరించారు. తర్వాత నేను ఆ క్లినిక్ మానేశాను. వాళ్లకు పిల్లలు పుట్టారో లేదో తెలియదు, పుట్టే ఉంటారని అనుకుంటూ ఉంటాను.

అప్పటి నుంచి ఎవరికి రక్తం తీయాలన్నా, ఏమైనా తిన్నారా అనే కాదు, ఎప్పుడు పడుకున్నారు అని కూడా అడుగుతాను. అడిగిన ప్రతిసారీ పద్మ గుర్తొస్తుంది. వాళ్లు చివరిసారి వచ్చిన ఆ రోజు రాజమల్లు చెప్పులు వేసుకోవడానికి బయటికి వెళ్లగానే నా దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పింది.

"నేను పగటీలి చీరెలకు లేసు కుట్టవోత, ఆయన రాత్రి సాంచలకు వోతుండె. సెలవు నాడు సుత రాత్రి నిద్రవట్టక బయట తిరుగుతుండె. ఒక్కింట్లనే ఉన్నం గని, ఇద్దరం ఒక్కయాల్లకు పండుకున్నది గిప్పుడేనక్కా. ఆయన గురక పెడ్తడని గూడ నాకు గిప్పుడే ఎర్కైంది."