జాడీలో ఊరిన బోల్టులు

మొన్న ఆదివారం చర్చిలో పాట అందుకోబోతుంటే పక్కింటి పిల్ల రొప్పుకుంటూ వచ్చి, ఎదురింటత్త పోయిందని చెప్పింది. పొద్దున్నే నాతో మాట్లాడి పంపిన మనిషి! పిచ్చి వాగుడు వాగకే అని ఆ పిల్లనే కసురుకున్నాను. పొయ్యి దగ్గర కూర్చున్నది కూర్చున్నట్టే ఒరిగిపోయిందట.

సొంత అత్త కాదు. కృష్ణ మీద ఆనకట్ట పనికొచ్చి, మాచర్ల అవతల రేకుల షెడ్లలో కాపురాలు పెట్టినప్పటి నుంచీ ఎదురుబొదురు ఇళ్ళు. వాళ్ళాయన, మా ఆయన ఇద్దరూ ఏటి అడుగుకు దిగే పనోళ్ళే. ఒంటికి రబ్బరు సూటు, నెత్తిన ఇత్తడి టోపీ, పైనుంచి పంపుతో గాలి. మెడ చుట్టూ ఉండే బోల్టులే ఆ టోపీని సూటుకు బిగించి నీళ్ళు రాకుండా ఆపేది. మరమ్మతులు ఎవరివి వాళ్ళమే ఇంట్లో చేసుకునేవాళ్ళం. అత్త మాత్రం మామయ్య సూటు ఆయన్ను కూడా ముట్టుకోనిచ్చేది కాదు.

కొత్త బోల్టు కొంటే ముందు సూదంటురాయి పెట్టి చూసేది. అంటుకుందా, ఇనుముకు ఇత్తడి పూత పూశారన్నమాట, అవతల పారేసేది. అంటుకోకపోయినా నమ్మేది కాదు. ఉప్పు కలిపిన గోంగూర ఊట పోసిన జాడీలో వేసి రోజుల తరబడి ఊరబెట్టేది. తర్వాత కడిగి, సుత్తితో కొట్టి చూసేది. నాసిరకం ఇత్తడి అయితే ఎర్రబడి పుటుక్కున విరిగేది.

"బజారోడు నవ్వుతున్నాడు అత్తా" అంటే, "నవ్వనియ్యవే. ఆడేమన్నా నీళ్ళల్లోకి దిగుతాడా ఏంది!" అనేది.

నేను కాపురానికొచ్చిన కొత్తల్లో ఒకసారి వాళ్ళింట్లో వడ్డించటానికి సాయం వెళ్ళి, ఆ జాడీలోది పచ్చడనుకుని భోజనానికొచ్చిన పాస్టరుగారి విస్తట్లో వేయబోయాను. "ఏమే! అయ్యగారి పళ్ళు రాలగొడతావా?" అని గరిటె లాక్కుంది. పాపం ఆయన కూడా నవ్వాడు. ఇప్పుడు తలుచుకుంటే నాకు నవ్వూ ఏడుపూ కలిసే వస్తున్నాయి.

తర్వాత కొన్నాళ్ళకు చెల్లెలి పురుడని అత్త క్రోసూరు వెళ్ళింది. అప్పుడే మామయ్య సూటుకు బోల్టులు అరిగిపోయాయి. జాడీలో చూస్తే ఒక్కటీ లేదు. పనేమో తొందర. ఊరబెట్టుకుంటూ కూర్చుంటే మేస్త్రీ ఊరుకుంటాడా అని, బజారులో తళతళలాడుతున్నవి కొనుక్కొచ్చి, సూదంటురాయన్నా పెట్టి చూడకుండా బిగించేసుకున్నాడు. కొన్ని వారాలు బాగానే ఉన్నాయి. పూత కింద ఇనుమును తుప్పు తినేస్తోందని ఎవరికి తెలుసు? ఒకరోజు అడుగున ఉండగానే అవి విరిగి, మెడ దగ్గర నీళ్ళు జొరబడ్డాయి. పైకి లాగేసరికి మనిషిలో ప్రాణం లేదు.

అత్త బస్సు దిగి వచ్చి, విరిగిన బోల్టు చేతిలోకి తీసుకుని, "నేను పోకుండా ఉండాల్సింది" అంది. ఎవరెంత చెప్పినా ఆ మాట విడిచిపెట్టలేదు.

మామయ్యను సమాధి చేసిన మర్నాడే మా ఆయన దిగాలి. వద్దని కాళ్ళు పట్టుకుని ఏడ్చాను. మానేస్తే పని పోతుందన్నాడు. అంతలో అత్త మా గడపలోకొచ్చి నిలబడింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"మీ ఆయన సూటు ఇటియ్యి."

"అత్తా, ఈ దుఃఖంలో నువ్వెందుకు?"

"ఇయ్యమన్నానా! ఆయన్ను ఎట్టాగూ కాపాడుకోలేకపోయా. ఈడన్నా ఉండొద్దా?"

మా వాకిట్లోనే కూర్చుని ప్రతి బోల్టూ ఊడదీసి చూసింది. అప్పటి నుంచి మా ఆయన సూటు అత్త చేతి కింద నుంచి పోకుండా నీళ్ళు చూడలేదు. ఏటి వైపు మాత్రం మళ్ళీ అడుగు పెట్టలేదు అత్త. సాయంత్రం మా ఆయన గొంతు వినపడ్డాకే కంచం ముందు కూర్చునేది. ఇవాళ నా మొగుడు నా కళ్ళ ముందు తిరుగుతున్నాడంటే అది అత్త చలవే. ఈ ముక్క ఆవిడ బతికుండగా ఎన్నిసార్లు చెప్పినా, "చాల్లే, పనిజూసుకో" అనేది.

ఆదివారం సాయంత్రం మేం ఆడవాళ్ళం స్నానం చేయించాం. కుడి చేతి వేళ్ళ మడతల్లో ఇత్తడి చిలుము పచ్చగా పట్టి ఉంది. సబ్బుతో రుద్దాను, కుంకుడు రసంతో రుద్దాను. పోలేదు. తెల్ల చీర కట్టి పడుకోబెట్టాక కూడా తడి గుడ్డతో ఆ వేళ్ళే తుడుస్తూ, ఇట్టా ఎట్టా పంపేది అని ఏడుస్తుంటే మా ఆయన లోపలికొచ్చాడు.

"ఉండనియ్యవే" అని నా చేతిలోంచి గుడ్డ తీసేసి, అత్త చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. పెట్టె మూసేవాళ్ళు వచ్చి పక్కన నిలబడ్డా ఆ చెయ్యి వదల్లేదు.