వేటకు వెళ్ళని రోజు

నాన్న పాస్టరు. నందిగాం దగ్గర రైతు కుటుంబంలో పుట్టాడు. సంతబొమ్మాళి వైపు సముద్రం ఒడ్డున ఉన్న ఒక మత్స్యకారుల పల్లెకు సేవ చెయ్యడానికి వెళ్ళి, అక్కడే ఉండిపోయాడు. ఆయనకు ఈత రాదు. ఒకసారి బోటెక్కి వాంతులు చేసుకున్నాక, బోట్ల కోసం ప్రార్థన ఎప్పుడూ ఒడ్డునే నిలబడి చేసేవాడు.

మా సంఘంలో చేరిన ఇళ్ళు కొన్నే. మిగతావాళ్ళు కొత్త బోటు దింపే రోజున గంగమ్మకు కొబ్బరికాయ కొట్టి, నాన్నను కూడా పిలిచేవారు. ఒకరు చూడకపోతే ఇంకొకరు చూస్తారని వాళ్ళ లెక్క. కొబ్బరికాయ పని అయ్యేదాకా నాన్న కాస్త దూరంగా సముద్రం వైపు చూస్తూ నిలబడేవాడు. తర్వాత వచ్చి ప్రార్థన మొదలుపెట్టేవాడు. అది పొడుగు. ముగిసేలోపల బోటు దింపేసిన సందర్భాలున్నాయి. అప్పుడు ఆమెన్ బోటు వెనక నుంచి చెప్పేవాడు.

ఆ పల్లెలో ఎవరైనా చనిపోతే, శవం ఊళ్ళో ఉన్నంతసేపూ ఒక్క బోటూ వేటకు వెళ్ళదు. పసిబిడ్డ పోయినా అంతే. నాన్నకు ఇది నచ్చేది కాదు. చచ్చినవాడికి చేప అక్కర్లేదు, బతికినవాడి పిల్లలకు కావాలి అని ఆదివారం ఆరాధనలో చెప్పేవాడు. సంఘంవాళ్ళు ఆమెన్ అనేవారు. ఊళ్ళో మళ్ళీ ఎవరైనా పోతే అందరితోపాటు ఇంట్లో కూర్చునేవారు. వాళ్ళకు అర్థం కాలేదేమోనని ఆయన ఇంకోసారి విడమరిచి చెప్పేవాడు. వాళ్ళు మొదటిసారే అర్థం చేసుకున్నారు.

మా నాన్నమ్మ చివరి రోజులు మా దగ్గరే గడిపింది. ఆమె పోయిన మర్నాడు తెల్లవారుతుండగా బోట్ల ఇంజన్లు ఎప్పటిలాగే మోగాయి. సంఘపెద్ద వచ్చి సంజాయిషీ చెప్పాడు. "ముసలమ్మ నందిగాం మనిసి కదా బాబూ. ఊరి లెక్కలోకి రాదు."

"మంచిదే. పని ఆగకూడదు" అన్నాడు నాన్న. అది ఆయన ప్రసంగమే. కానీ ఆ చప్పుడు దూరమైపోయేదాకా టీ ముట్టలేదు. ఆ ప్రసంగం మళ్ళీ ఎప్పుడూ చెయ్యలేదు.

ఆయనకు కిడ్నీలు పాడయ్యాయి. ఉద్దానంలో ఇది చెబితే ఎవరూ రెండో ప్రశ్న వెయ్యరు. పలాసకు డయాలసిస్‌కు వెళ్ళేవాడు. అక్కడ పక్క మంచాలవాళ్ళకు కూడా ప్రార్థన చేసేవాడు, వాళ్ళు లేచి వెళ్ళలేరు కాబట్టి. ఒకరోజు మధ్యాహ్నం అక్కడే పోయాడు. చీకటి పడకముందే ఇంటికి తెచ్చాం.

నందిగాం నుంచి వచ్చిన చిన్నాన్న, తన అన్నను సొంత ఊళ్ళోనే మట్టి చెయ్యాలన్నాడు. నాన్న మాత్రం ఈ ఇసుకలోనే పెట్టమని చాలాసార్లు చెప్పి ఉన్నాడు. అమ్మ ఇద్దరి మాటా కాదనలేదు. నాతో ఒక్కటే అంది. "పొద్దున్న ఇంజన్లు వినపడితే నందిగాం తీసుకుపోదాం. ఈ ఊరు కానివాణ్ణి ఈ ఊళ్ళో వదిలి వెళ్ళలేను."

అవి చేప బాగా పడుతున్న రోజులు. తెల్లవారింది. ఇంజను చప్పుడు లేదు, మాటలు వినిపించాయి. ఒడ్డుకు వెళ్ళాను.

సంఘపెద్ద భుజాన వలతో నిలబడి ఉన్నాడు. బోటు సొంతదారు బోటు అంచున కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. అతను మా గుడి మెట్టు ఎప్పుడూ ఎక్కలేదు. పాస్టరుగారు బతికుండగా ఆయన మాట ఒక్కటీ నిలబెట్టలేదని, కనీసం ఇవాళైనా నిలబెడదామని సంఘపెద్ద వాదన. మా సంఘంవాళ్ళు ఇద్దరు ముగ్గురు అతని వెనకే ఉన్నారు.

"మీ పాస్టరు ఎల్లమంటే మీరెల్లండి. బోటు మట్టుకు రాదు" అన్నాడు సొంతదారు.

"బోటు నేకండా ఎలాగెల్తాం మావా?"

"నీల్లమీద నడిసెల్లండి. మీ పుత్తకంలో ఉంది కదా."

ఎవరూ నవ్వలేదు. సంఘపెద్ద నా వైపు తిరిగాడు. "అమ్మా, నువ్వు సెప్పు. అయ్యగోరు ఏటి సెప్పీవోరు?"

ఇంట్లో అమ్మ చెవులు ఒడ్డు మీదే పెట్టుకుని కూర్చుందని నాకు తెలుసు. అబద్ధం ఆడవచ్చు. పాస్టరు శవం ఇంట్లో ఉండగా నోరు రాలేదు.

"వెళ్ళమనే చెప్పేవారు" అన్నాను.

సొంతదారు బీడీ ఇసుకలో గుచ్చాడు. "సెప్పీవోడు. మాకూ సెప్పీవోడు. ఆయన సెప్పినవాటిల్లో మనం ఇన్నదేటుంది, ఇయ్యాల ఇండానికి? ఊరి మనిసి పోయినాడు. బోటు దిగదు."

సంఘపెద్ద వల కింద పెట్టాడు.

ఇంటికి వచ్చి అమ్మకు చెబుదామనుకున్నాను. ఆమె అప్పటికే చిన్నాన్నను పార కోసం పక్కింటికి పంపింది.

సరుగుడు తోట పక్కన పూడ్చాం. సంఘపెద్ద ప్రార్థనలో, నీ సేవకుడి మాట వినలేదు, క్షమించు ప్రభువా అన్నాడు. బోటు సొంతదారు అందరికంటే ముందే ఆమెన్ అనేశాడు. ప్రార్థన ఇంకా సగమే అయింది.

ఆ పూట పల్లెలో ఎవరింట్లోనూ చేప లేదు. మాకు పక్కింటివాళ్ళు పప్పు, అన్నం పంపారు. అమ్మ తిన్నది.