దిమ్మకి నడిమధ్య

రాజోలు దాటి ఆటోలో పావుగంట వెళితే వచ్చే ఊళ్లో, జిల్లా పరిషత్ హైస్కూల్లో నేను లెక్కలు చెబుతాను. నాలుగేళ్ల కిందట ఆగస్టులో మా స్కూలు జెండా దిమ్మ బాగుచేయించారు. మూడు మెట్ల గుండ్రటి దిమ్మ. తుప్పు పట్టిన పాత స్తంభం తీసేసి, రెండడుగుల వెడల్పున్న పై మెట్టంతా నున్నగా సిమెంటు చేయించేసరికి, స్తంభం కన్నం కాస్తా మూసుకుపోయింది. రేపు జెండా పండగనగా కొత్త స్తంభం వచ్చింది. ఎక్కడ నిలబెట్టాలో ఎవరికీ తెలియలేదు.

హెడ్మాస్టరు గారు నన్ను పిలిచి, "నడిమధ్యన గుర్తు పెట్టించండి మేడమ్‌గారూ. లెక్కల టీచరుండగా కంటితో ఉజ్జాయింపు వేస్తే బాగోదండి," అన్నారు నవ్వుతూ.

"ఆయ్, ఎంతలో పనండీ," అని తొమ్మిదో తరగతిని దిమ్మ దగ్గరకి తీసుకెళ్లాను. వృత్తాల పాఠం అప్పుడే పూర్తిచేశాం. క్లాసులో మొదటి ర్యాంకు అమ్మాయి సుద్దముక్క, దారం పట్టుకుని పైకెక్కింది. పుస్తకంలో ఉన్నట్టే అంచు నుంచి అంచుకి రెండు జ్యాలు గీసింది. వాటికి లంబ సమద్విఖండన రేఖలు గీయబోతే దారం సాగింది, సుద్ద అరిగింది. మూడుసార్లు చేస్తే మూడు చోట్ల మూడు కేంద్రాలు వచ్చాయి. చివరికి నేనూ ఎక్కి ఒకటి గీశాను. నాలుగోది వచ్చింది. కింద మేస్త్రి ఉలి, సుత్తి పట్టుకుని ఓపికగా నిలబడ్డాడు.

అప్పుడు వెనక వరసలోంచి ఒక గొంతు వినిపించింది. "మేడమండీ, ఒక చార్టు కాగితం ఇప్పిస్తారా అండీ?"

ఆ గొంతు నేను సరిగా విన్నది అదే మొదటిసారి. చేతికి పుస్తకమిచ్చి చదవమంటే ఆ అమ్మాయి ఒక్కో అక్షరం దగ్గర ఆగిపోయేది. పరీక్ష పేపరు మీద నంబరు వేసి, తతిమ్మాదంతా ఖాళీగా ఇచ్చేసేది. ఆ పిల్ల ప్రోగ్రెస్ కార్డులో 'శ్రద్ధ లేదు' అని రాసి సంతకం పెట్టింది నేనే.

చార్టు తెప్పించాను. ఆ అమ్మాయి చెప్పులు విడిచి దిమ్మ ఎక్కింది. కాగితం మూలని గుండ్రం అంచుకి సరిగ్గా ఆనించింది. కాగితం రెండు పక్కలూ దిమ్మ మీదుగా వెళ్లి అవతలి అంచుని ఎక్కడెక్కడ దాటాయో అక్కడ రెండు చుక్కలు పెట్టింది. కాగితం తీసేసి, చెక్క స్కేలుతో ఆ చుక్కలు రెండూ కలిపింది. మళ్లీ ఇంకోచోట మూల ఆనించి, ఇంకో గీత గీసింది. రెండు గీతలూ ఒకదాన్నొకటి కోసుకున్న చోట వేలు పెట్టి, "ఇక్కడండీ," అంది.

అంతా కలిపి రెండు నిమిషాలు పట్టలేదు. మేస్త్రి టేపు తీసి నాలుగు వైపులా కొలిచాడు. నాలుగు వైపులా ఒకటే కొలత. మరేమీ అడక్కుండా అక్కడే ఉలి పెట్టాడు.

అర్ధవృత్తంలోని కోణం లంబకోణమని రెండు వారాల కిందటే బోర్డు మీద నిరూపించాను. అంతకుముందు పద్దెనిమిదేళ్లుగా నిరూపిస్తూనే ఉన్నాను. వ్యాసం ఇస్తే లంబకోణం వస్తుందని చెప్పడమే గానీ, లంబకోణాన్ని చేత్తో పట్టుకెళ్లి వ్యాసాన్ని వెతకొచ్చని నాకెప్పుడూ తోచలేదు. ఆ సిద్ధాంతం మీద పెట్టిన పరీక్షలో ఈ అమ్మాయికి సున్నా వేశాను.

"ఎందుకలా వస్తుందమ్మా?" అని అడిగాను.

"ఎందుకో తెలీదండి. మా నాన్న ఇలాగే చేస్తాడండి."

ఆ ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. వాళ్ల నాన్న మరుగుదొడ్ల గుంటల్లోకి దించే సిమెంటు ఒరలూ వాటి మూతలూ పోసి అమ్ముతాడు. మూతకి సరిగ్గా మధ్యలో గొట్టానికి కన్నం ఉండాలి. నన్ను చూసి కంగారుపడి, చేతులు కడుక్కుని వచ్చాడు.

"పిల్లేమైనా తప్పు చేసిందా అండీ?"

"లేదండీ. మీ దగ్గర ఒకటి నేర్చుకుందామని వచ్చాను," అన్నాను.

ఆయన నమ్మలేదు. చాలాసేపు బతిమాలాక ఎల్ ఆకారంలో ఉన్న ఇనప మూలమట్టం తెచ్చి, ఆరుతున్న మూత మీద పెట్టి చూపించాడు. "మా నాన్న చూపించేడండి. ఎందుకని ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదండి. ఎందుకంటారు మేడమ్‌గారూ?"

అక్కడే ఇసకలో పుల్లతో గుండ్రం, దాని నడిమధ్యగా ఒక అడ్డగీత, ఆ గీత రెండు కొసల నుంచీ వచ్చి అంచు మీద కలిసే మూల గీశాను. మధ్యనుంచి మూలకి ఒక గీత గీసి, "ఇప్పుడు మధ్యనుంచి అంచుకి మూడు గీతలున్నాయి కదండీ," అంటుండగా ఆ అమ్మాయి నా పక్కన వంగింది.

"మూడూ ఒకే పొడుగండీ!" అంది. "అంటే రెండు ముక్కల్లోనూ రెండేసి పక్కలు సమానం. మరైతే ఈ కోణం, ఈ కోణం ఒకటే. అటు కూడా ఒకటే." వేళ్లతో కోణాలు తడుముతూ ఆగి, "ఒక్కో రకం రెండేసి కలిపితే నూట ఎనభై. ఒక్కోటే కలిపితే తొంభై! అది ఈ మూలేనండీ!" అని అరిచింది.

నేను నిరూపణ పూర్తి చేయనే లేదు. తనే చేసేసింది. వాళ్ల నాన్న మూలమట్టం చేతిలో తిప్పుకుంటూ, "అయితే ఎంత పెద్ద గుండ్రానికైనా ఇంతేనాండీ?" అన్నాడు. "ఇంతేనండీ. ఎంత పెద్దదైనా," అన్నాను.

సోమవారం నుంచి ప్రతి పాఠానికీ పుల్లలు, కాగితాలు, దారాలు తెచ్చి అందరిచేతా చేయించడం మొదలుపెట్టాను. వారం తిరక్కుండా మొదటి ర్యాంకు అమ్మాయి స్టాఫ్ రూముకి వచ్చి ఏడ్చింది. "నాకు ముందు పుస్తకంలో చదువుకోవాలండీ. ఈ గోలలో నాకేమీ బుర్రకెక్కట్లేదండీ." ఒక పిల్లని చేరుకున్నానన్న సంబరంలో ఇంకో పిల్లని పోగొట్టుకోబోయాను. అప్పట్నుంచి మొదటి పది నిమిషాలు పిల్లల ఇష్టానికి వదిలేశాను. చదివేవాళ్లు చదువుతారు, చేసేవాళ్లు చేస్తారు, పక్కవాళ్లకి చెప్పుకుంటే గానీ అర్థంకానివాళ్లు వరండాలోకి వెళ్లి చెప్పుకుంటారు. తర్వాత అందరం బోర్డు దగ్గర కలుస్తాం. క్లాసు చూడ్డానికి సంతలా ఉంటుంది. హెడ్మాస్టరు గారు రెండుసార్లు వచ్చి చూసి, మూడోసారి రావడం మానేశారు.

స్కూలు పరీక్షల్లో, చార్టు కాగితం అడిగిన ఆ అమ్మాయికి ప్రశ్నలు నేనే చదివి వినిపించేదాన్ని. పదో తరగతి మామూలు మార్కులతోనే పాసయింది. ఇప్పుడు పాలిటెక్నిక్‌లో సివిల్ ఆఖరి ఏడాది చదువుతోంది. చదవడం ఇప్పటికీ నెమ్మదేనట.

ఈ ఏడాది తొమ్మిదిలో ఇంకో అమ్మాయి ఉంది. పుస్తకమిచ్చినా, పుల్లలిచ్చినా, స్నేహితురాలిని పక్కన కూర్చోబెట్టినా పెదవి విప్పదు. మొన్న ఉండబట్టలేక తననే అడిగాను. "ఎలా చెబితే నీకు బాగుంటుందమ్మా?"

పెన్సిలు కింద పెట్టింది. "ముందు మీరొకసారి తప్పు చేయండి మేడం," అంది. "అప్పుడు నాకు భయం ఉండదండీ."

బోర్డు దగ్గరకి వెళ్లి, సుద్దముక్క తీసి, ఒక లెక్క తప్పుగా చేయడం మొదలుపెట్టాను.

మూడో మెట్టు రాస్తుండగా ఆ అమ్మాయి చెయ్యెత్తింది.