పూజైన బండికి సుత్తె దెబ్బ

"నీకేమున్నదిరా గండయ్యా?" అని ఎవరన్న అడిగితే శామీర్‌పేట్ గండయ్య ఒక్కటే చెప్పెటోడు: "నాకు ఇంగ్లండు రేసు బండి ఉన్నది." ఉండేదేమో రెండర్రల రేకుల ఇల్లు. విన్నోళ్లు పడీపడీ నవ్వెటోళ్లు. నవ్వేదానికేం పోయింది, నోరు నొస్తదా?

గండయ్య తండ్రి శామీర్‌పేట్ చెరువుల వల ఏసెటోడు. కొడుక్కు మాత్రం చేపల వాసన పట్టలే, పెట్రోలు వాసన పట్టింది. పద్దెనిమిదో ఏట యాప్రాల్‌ల ఒక మెకానిక్ షెడ్డుల కుదిరిండు. అక్కడికి ఒకనాడు ఒక మిలిటరీ ఆఫీసరు బండి వచ్చింది. రెండే సీట్లు, పైన కప్పు లేదు, పొడుగు మూతి, సైకిలుకున్నట్టు పుల్లల చక్రాలు. 1948ల చేసిన ఎమ్.జి. బండి. ఆఫీసరు దాన్ని గేటు దాటిచ్చి ఉరికిచ్చేసరికి గండయ్యకు ఊపిరాడలే. పెండ్లిచూపులల్ల వజ్రమ్మను చూసినప్పుడు గూడ గట్ల కాలేదని ఆమె ముంగటనే అనెటోడు, సిగ్గులేని మనిషి!

ఆఫీసరు సచ్చిపోయినంక బండి పదేండ్లు వానల నానింది. "పాత ఇనుప సామానోనికి ఇచ్చే బదులు నువ్వే తీస్కపో" అని ఆయిన భార్య గండయ్యకు ఇచ్చేసింది. ఎడ్లబండి మీద ఏసుకోని ఊరికి తెచ్చిండు. ఇంటికాడ జాగ లేదాయె. ఊరి పటేలు జానకిరామయ్య తన పసుల కొట్టంల పెట్టుకొమ్మన్నడు. కాయితాలు మార్చేటప్పుడు ఆ పటేలే మెల్లగ అన్నడు: "నీ పేరు మీద పెడితే దొంగ బండని పోలీసోళ్లు పట్టుకపోతరురా. నా పేరు మీద ఉండనీ. బండి నీదే." గండయ్య నమ్మిండు. నమ్మక ఏం జేస్తడు?

ఇరవై మూడేండ్లు పట్టింది బండి లేవనీకి. పగలు మేడ్చల్‌ల లారీల కింద పండుకోని పని, పొద్దుమీకితే కొట్టంల ఈ బండి. పుచ్చిపోయిన కట్టె చట్రం తీసేసి టేకుతోని కొత్తది చెక్కిచ్చిండు. లైటు చుట్టు ఉండే పట్టీ కోసం జవహర్‌నగర్ చెత్త గుట్టల కాడ నెల రోజులు తిరిగిండు. ఆ గబ్బుతోని ఇంటికొస్తే వజ్రమ్మ వాకిట్లనే నిలవెట్టి నీళ్లు గుమ్మరిచ్చేది. "నా చేపల గంప నయం గదయ్యా!" అనుకుంటనే వీపు రుద్దేది. మేడ్చల్ మార్కెట్ల చేపలమ్మి ఇల్లు నడిపింది ఆమెనే.

జానకిరామయ్య పోయినంక కొడుకు సుధాకర్ చేతికి అంత వచ్చింది. వెంచర్లు, పార్టీ, ఫ్లెక్సీలు. కొట్టం కూలగొట్టి ఫామ్‌హౌజ్ కట్టిండు, బండిని అద్దాల రూముల పెట్టిండు. వచ్చినోళ్లకు "మా నాయిన ముచ్చటపడి కొన్నడు" అని చూపిచ్చెటోడు. పక్కన గుడ్డపేలిక పట్టుకోని గండయ్య నిలవడెటోడు.

"నీకు నోరు లేదా?" అని వజ్రమ్మ గయ్యిమనేది.

"కాయితం వాళ్ల పేరు మీద ఉన్నది గదనే."

బండి ఎట్లాగు దక్కలే. ఒక్కటే కోరిక మిగిలింది, రేసుల దాన్ని ఒక్కసారన్న నడపాలని. సుధాకర్ వెంచర్‌ల ప్లాట్లు ఇంక అమ్ముడుపోలే, అరవై ఫీట్ల రోడ్లు ఖాళీ. ఏటా జనవరిల పట్నంల పాత బండ్లున్న షోకు మనుషులు వచ్చి ఆ రోడ్ల మీద మూడు రౌండ్లు పందెం పెట్టుకుంటరు. "వచ్చేసారి నువ్వే కూసుంటవ్ గండయ్యా" అని సుధాకర్ ఆరేండ్లు చెప్పిండు. ఈసారి తల్లి మీద ఒట్టేసిండు. గండయ్య కొత్తంగి కుట్టిచ్చుకున్నడు. వజ్రమ్మ ఆనాడు గంప ఎత్తలే, చూద్దామని వచ్చి, జనం అడ్డం రాకుండ కట్టిన తాడు అవతల కూసున్నది.

ఇక్కడొకటి చెప్పాలె. ఈ బండి చక్రాలకు మనోళ్ల బండ్ల లెక్క నాలుగైదు నట్లుండవు. నడిమిట్ల రెక్కల నట్టు ఒక్కటే. దాన్ని చేతితోని తిప్పినంక రెక్కల మీద రాగి సుత్తెతోని గట్టిగ కొట్టి బిగియ్యాలె. లేకుంటే బ్రేకు తొక్కినప్పుడల్ల జరంత జరంత వదులైతది. రేసుకు ముంగట చేసే పూజకు మెరవాలని గండయ్య పొద్దుగాలనే చక్రాలూడదీసి పుల్లపుల్లా తుడిచిండు. మళ్ల ఎక్కిచ్చి, నట్లు చేతితోని తిప్పి, సుత్తె తేనీకి రూముకు పోయిండు.

వచ్చేసరికి పంతులు జల్దీ జల్దీ పూజ కానిచ్చిండు. మూతికి పసుపు కుంకుమ, చక్రాల కింద నిమ్మకాయలు. గండయ్య సుత్తె ఎత్తిండు.

"ఆగు!" అని సుధాకర్ తల్లి రాధమ్మ అరిచింది. "పూజైన బండిని సుత్తెతోని కొడ్తవా? ఇంట్ల పీనుగ లేస్తది!"

"అమ్మా, కొట్టకుంటె చక్రం ఊడుతదమ్మా."

"శుభమా అని రేసు పెట్టుకుంటె ఊడుతదంటవా? థూ, నీ నోట్ల మన్నుపడ!"

గండయ్య సుధాకర్ దిక్కు మళ్లిండు. అప్పటికే సుధాకర్ కొడుకు అభిలాష్ నల్లద్దాలు పెట్టుకోని సీట్ల కూసున్నడు.

"పటేలా, నేను గదా..."

"వీడియోలు తీస్తున్నరు గండయ్యా. నువ్వు కూసుంటె ఏం సక్కగుంటది? జర సోచాయించు." చుట్టున్నోళ్లు కిసుక్కున నవ్విండ్రు.

"సరే పటేలా. నట్లన్న కొట్టనీ. నాలుగే దెబ్బలు."

"ఇగ మొదలువెట్టిండు! సీటు ఇయ్యలేదని నీకు కడుపుమంట. పక్కకు జరుగు."

గండయ్య జరిగిండు. గప్పుడే అభిలాష్ ఇంజన్ మోగిచ్చుకుంట తల బయటికి పెట్టి అడిగిండు: "తాతా, అంత మంచిగనే ఉన్నది గదా?"

ఆ ఒక్కడే అడిగిండు. మనసుపూర్తిగ అడిగిండు.

గండయ్య తలకాయ ఊపిండు. ఉన్నది అన్నట్టు ఊపిండు. పోనీ, సావనీ అనుకున్నడు. ఉత్తగ గాదు, నిజంగనే అనుకున్నడు.

జెండా ఊగింది, బండ్లు ఉరికినయి. మొదటి రౌండు తిరిగి తన ఎమ్.జి. ముంగటినుంచి పోతుంటె గండయ్య చక్రాల దిక్కే చూసిండు. ముందటి చక్రం సన్నగ ఊగుతున్నది. "ఆపుర్రి! ఆపుర్రి!" అనుకుంట రోడ్డు మీదికి ఉరికిండు. సెక్యూరిటోళ్లు రెక్క పట్టి గుంజి పడేసిండ్రు. రెండో రౌండు మూల మలుపు కాడ అభిలాష్ బ్రేకు తొక్కిండు. చక్రం ఊడి ప్లాట్ల రాళ్ల నడుమకెళ్లి దాని తొవ్వన అది పోయింది. బండి మూతి నేలకు కొట్టుకోని పక్కకు ఒరిగింది, టేకు చట్రం ఫటఫట ఇరిగింది. పోరడు ఎగిరి ఇసుక కుప్పల పడ్డడు.

అందరు పోరని దిక్కు ఉరికిండ్రు. గండయ్య బండి దిక్కు ఉరికిండు. ఇరిగిన కట్టె మీద చెయ్యి పెట్టి చిన్నపిల్లగాని లెక్క ఏడ్చిండు. సుధాకర్ వచ్చి చెంప మీద ఈడ్చి కొట్టిండు: "నా కొడుకు అక్కడ పడుంటె నువ్వు ఇనుముకు ఏడుస్తవారా!" ఆ దెబ్బ తనకు తగిందేనని గండయ్యకు తెల్సు.

అభిలాష్ బతికిండు. కుడి చెయ్యి మోచేతి కాడ నుగ్గునుగ్గైంది. దవఖానకు తీస్కపోతుంటె రాధమ్మ శాపనార్థాలు పెట్టింది: "వీడు సుత్తె పట్టుకోని వచ్చినప్పుడే అనుకున్న! వీని సుత్తెనే తాకింది నా మనుమనికి!" సుధాకర్ కారెక్కుకుంట, రేసుల చూపియ్యనీకి జేబుల పెట్టుకున్న బండి కాయితం తీసి గండయ్య మొఖాన కొట్టిండు. "ఈ దరిద్రం నీదే, తీస్కపో. రేపు ప్లాట్లు చూసేటోళ్లు వస్తరు, ఇది నా కంట్ల పడొద్దు."

ముప్పై ఏండ్ల సంది ఎదురుచూసిన మాట. గట్ల వచ్చింది.

మిగిలినోళ్లు బండిని ఎత్తి నిలవెట్టి పోయిండ్రు. ఊడిన చక్రాన్ని వజ్రమ్మ రాళ్లల్లకెళ్లి దొర్లిచ్చుకుంట తెచ్చింది. గండయ్య దాన్ని ఎక్కిచ్చి నట్టు తిప్పిండు. రాగి సుత్తె తీసి ఠంగు ఠంగున కొట్టిండు. ఒక్కొక్క చక్రం కాడికి పోయి నాలుగు నట్లు కొట్టిండు. ఆపేటోడు ఎవ్వడు లేడు.

బండిని ఇంటికి గుంజుకపోనీకి ఊరి ట్రాక్టరోడు తాడు కట్టిండు. గండయ్య స్టీరింగు పట్టుకోని కూసున్నడు. వజ్రమ్మ వెనకకెళ్లి నూకింది. "ఇగ మనదేనాయ్యా?" అన్నది. ఆమె గొంతుల సంతోషం ఉన్నది, పాపం.

"మనదే." గండయ్య ముంగటికే చూసుకుంట అన్నడు: "మంచిగుందా తాతా అని పోరడు నన్ను అడిగిండే. నాకు తెల్సు. తెల్సి గూడ ఉన్నదని తలకాయ ఊపిన."

వజ్రమ్మ బండి మీదికెళ్లి చేతులు తీసేసింది. కొంగు దులుపుకోని, ట్రాక్టరును గూడ దాటి, ఒక్కతే ఇంటి తొవ్వ పట్టింది.