అక్కకిచ్చిన బిళ్ళలు

మొన్న ఆత్మకూరులో రక్తపరీక్ష చేయించుకుంటే, మీ వయసుకు కిడ్నీలు భేషుగ్గా ఉన్నాయని మెచ్చుకున్న డాక్టరు, నొప్పుల బిళ్ళలు వాడతారా అని అడిగాడు. జన్మలో ఒక్కటి మింగలేదండీ అని గొప్పగా చెప్పబోయి ఆగిపోయాను. మింగలేదు, నిజమే, మింగించాను.

నేను సైన్సు అయివారిని. ఏటేటా బోర్డు మీద చిక్కుడు గింజల్లాంటి రెండు బొమ్మలు గీసి, ఇవి రక్తాన్ని వడగట్టి మలినాలనూ ఎక్కువైన నీటినీ బయటికి పంపుతాయనీ, చెడిపోతున్నా మొదట్లో నొప్పయినా తెలియదనీ పిల్లలచేత వల్లె వేయించినవాణ్ణి. బొమ్మ బాగానే కుదిరేది, బుద్ధే కుదరలేదు.

ఉదయగిరి పక్క పల్లెలో మా అక్క వేరుశనగ చేలో కలుపు తీసి తీసి, మోకాళ్ళు పట్టేసి కూర్చుంటే లేవలేకపోయేది. ప్రతి శనివారం బస్టాండు దగ్గర మందుల షాపులో, డాక్టరు చీటీ లేకుండానే బిళ్ళల అట్టలు కొనుక్కుని బస్సెక్కి, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి అని వైద్యుడి ఫోజులో చెప్పి వచ్చేవాణ్ణి. అలా పదేళ్ళు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు మాకూ తేకూడదా అయివారూ అంటుంటే నా ఛాతీ ఉబ్బేది.

ఆ తరువాత అక్క ముఖం ఉబ్బింది. పొద్దున కళ్ళ కింద వాపు, సాయంత్రం పాదాల మీద నొక్కితే గుంట.

"ఏందక్కా, బుగ్గలు పొంగుతుండాయే, బావ బాగా మేపుతుండాడా?" అని ఎగతాళి చేశాను.

"నీ నోట్లో మన్నుబడ! తిండి సయించక నేను చస్తావుంటే, మేపంట, మేపు" అని నవ్వింది. వాపూ, తిండి సయించకపోవడమూ, రెండూ నేను పాఠంలో చెప్పిన లక్షణాలే.

నెల్లూరు తీసుకుపోయేసరికి రెండు కిడ్నీలూ చాలావరకు చెడిపోయాయి, డయాలసిస్ తప్పదని యంత్రానికి కలిపారు. ఇన్నేళ్ళు ఈమెకు నొప్పుల బిళ్ళలు ఎవరిచ్చారని డాక్టరు గట్టిగా అడిగితే, నేను కిటికీలోంచి బయటికి చూశాను. అక్క మాత్రం యంత్రం గొట్టాలున్న చేయి కదపకుండా, రెండో చేత్తో నన్ను చూపించి, "మా తమ్ముడు సారూ, అయివారు. ఈయన బిళ్ళలు తెచ్చియ్యబట్టే గదా పదేళ్ళు నడిచినాను" అంది సంబరంగా.

డాక్టరు నావైపొకసారి చూసి, పక్క మంచం దగ్గరికి పోయాడు. నాలుగు తిట్టినా బాగుండేది. ఏడాది తిరక్కుండానే అక్క పోయింది. ఆ బిళ్ళలే నిన్నింత చేశాయని ఆమెతో చెప్పే ధైర్యం నాకు చివరిదాకా రాలేదు.

ఇప్పుడు మా వైపు ఆడవాళ్ళు, ఎవరైనా బిళ్ళ చేతిలో పెడితే, ఇది కిడ్నీలకు పడతాదా అని అడిగి, ఫోనులో చూసుకుని గాని నోట్లో వేసుకోరు. మంచిదే, సంతోషమే. తమ్ముడు తెచ్చాడంటే పేరైనా అడగకుండా మింగేసే మనుషులు ఇక లేరే అని ఒక్కోసారి దిగులు పడబోతాను గానీ, వాళ్ళకు ఆ నమ్మకం లేకుండా చేసింది నాలాంటివాళ్ళేనని గుర్తొచ్చి, ఆ దిగులు పడే హక్కు కూడా నాకు లేదనిపిస్తుంది.