గేరు తీగకు బండి కందెన

నేను మెచ్చుకునే మనిషిని కాను. కూరలో ఉప్పు సరిపోతే నోరు మూసుకుని తింటాను, తక్కువైతే చెప్తాను. యాభై దాటాక అక్షరాలు దిద్దుకున్నదాన్ని, నా రాత కూడా నిదానమే. అయినా నా మనవరాలు చేసిన ఒక పని గురించి రాద్దామని కూర్చున్నాను. ఎదురుగా చెప్తే దానికి నెత్తికెక్కుతుంది.

మాది ఆత్మకూరు. మనవరాలు, నా కొడుకు బిడ్డ, డిగ్రీ చదువుతూ సైకిల్ పందేలకు పోతుంది. దాని సైకిల్ హ్యాండిల్ పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగి ఉంటుంది. టైర్లు రెండు వేళ్ళంత మందం కూడా ఉండవు. ఈమధ్య వనపర్తిలో జిల్లా జట్టుకు ఎంపిక పందెం పెట్టారు. ముగ్గురినే తీసుకుంటారు. వచ్చే ఏడాదికి దీని వయసు దాటిపోతుంది, ఇక పిలవరు. సరిగ్గా ఆ ముందురోజు, పొద్దున సాధనకు పోయిన పిల్ల చెమటలో తడిసి, కాళ్ళు ఈడ్చుకుంటూ వచ్చింది.

"ఏమైందే?"

"గేరు తీగ తెగింది అవ్వా."

"తెగితే ఏమాయె, ముడెయ్యి."

"ముడేస్తే గొట్టంల నుంచి పోదు."

ఆ తీగ తెగితే గొలుసు వెనకాల అన్నిటికన్నా చిన్న పళ్ళచక్రం మీద పడి అక్కడే ఉండిపోతుందట. చదునులో ఎలాగో తొక్కొచ్చు. పందెం దారి చివర మాత్రం గుట్ట ఎత్తు ఉంది, అక్కడ మోకాళ్ళు విరుగుతాయి. అలాంటి సైకిల్ బాగుచేసేవాళ్ళు మా ఊళ్ళో లేరు. ఏడుస్తుందనుకున్నాను. ముఖం కడుక్కుని వచ్చి, కొట్టం దూలానికి తాడు వేసి, సీటు దగ్గర కట్టి సైకిల్‌ను వేలాడదీసింది.

"అవ్వా, దబ్బనం ఉన్నదా?"

గోనెసంచులు కుట్టే దబ్బనం ఇచ్చాను. హ్యాండిల్ మీది రబ్బరు తొడుగు వెనక్కి మడిచింది. గేరు మార్చే పుల్లను టక్కుటక్కుమని అన్ని మెట్లూ దించింది. తీగ తల లోపలే విరిగి ఇరుక్కుంది. కాలిలో ముల్లు తీసినట్టు దబ్బనంతో కెలికింది. ఒక్కసారి గాదు, గంటసేపు. నేనైతే రెండోసారికే సుత్తి అడిగేదాన్ని. చివరికి మినపగింజంత సీసపు తల ఊడి దాని అరచేతిలో పడింది. దాన్ని కాగితంలో పొట్లం కట్టి, "నడువు, దుకాణానికి పోదాం" అంది.

సైకిల్ దుకాణం ఆయన మా ఈడువాడే. తీగ అనగానే ఒకటి తీసి ఇచ్చాడు.

"గిది బ్రేకుది చిచ్చా. తల పెద్దగున్నది."

"గదే ఎయ్యమ్మా. లోపల ఎవరు జూస్తరు?"

"గేరు జూస్తది చిచ్చా."

ఆయన నవ్వి, పిల్లల గేరు సైకిళ్ళకు వేసే తీగల కట్ట దించాడు. పిల్ల పొట్లం విప్పి, తీగ తలతో తల ఆనించి చూసి ఒకటి ఏరుకుంది. పొడుగు కూడా కొలిచింది.

ఇంటికొచ్చాక అది అన్నం తిననీకి లోపలికి పోయింది. నేను ఊరికే కూర్చోలేకపోయాను. మా ఇంట్లో ఎడ్లబండ్లున్న కాలంలో గడ్డి కాల్చిన మసిలో ఆముదం కలిపి ఇరుసుకు కందెన చేసేదాన్ని. ఇప్పటికీ తలుపు బందులకని ఒక డబ్బా ఉంచుకున్నాను. కొత్త తీగ మెత్తగా జారాలి గదా అని, అది పోయే గొట్టం నిండా పుల్లతో కందెన కూరాను. మంచి పని చేశాననే అనుకున్నాను.

పిల్ల వచ్చి తీగ తోసింది. జానెడు పోయి ఆగింది. మళ్ళీ తోసింది. గొట్టం వాసన చూసి నా వైపు తిరిగింది.

"అవ్వా, కందెన పెట్టినవా?"

"పెట్టిన. నా కందెన తోటి బండ్లు పెబ్బేరు సంత దాకా పోయినయి."

"పోయినయి, కిర్రుకిర్రుమనుకుంట. గది ఇరుసుకు అవ్వా. గీ సందుల మసి పడితే తీగను గట్టిగ పట్టుకుంటది."

"గంత మాట మీ తాత గూడ అన్లేదు నన్ను."

"తాతకు గేర్లు లేకుండె."

తిట్టలేదు. గొట్టం పాడైతే కొత్తది ఊళ్ళో దొరకదు, పిల్ల ఆఖరు పందెం నా చేతులతో నేనే చెడగొట్టినట్టు. పిల్ల సీసా అడుగున మిగిలిన కిరసనాయిలు కొద్దికొద్దిగా గొట్టంలో పోసి, తెగిన పాత తీగను లోపలికీ బయటికీ ఆడించింది. నల్లగా కారింది. మళ్ళీ పోసింది. ఎనిమిదో సారో, పదో సారో, తెల్లటి గుడ్డ మీద మరక పడలేదు. అప్పుడుగానీ కొత్త తీగ ఎక్కించలేదు.

తీగను వెనకదాకా లాగి బిగించాక నన్ను పిలిచింది.

"నెమ్మదిగ పెడల్ తిప్పు. ఇసుర్రాయి తిప్పినట్టు."

"ఇసుర్రాయి నాకు నేర్పుతవా?"

నేను తిప్పుతుంటే అది పుల్ల నొక్కుతూ, వెనకాల చిన్న మరను పావు చుట్టు, సగం చుట్టు సవరించింది. కళ్ళు మూసుకుని చప్పుడు విన్నది. గొలుసు ఒక్కో చక్రం ఎక్కి దిగుతుంటే, ముందు గరగరలాడింది కాస్తా సన్నబడి ఆగిపోయింది. అంత ఓపిక ఎవరి దగ్గర నేర్చిందో! మా వంశంలో ఎవరికీ లేదు.

మరునాడు వనపర్తిలో నేను గుట్ట ఎత్తు మీద నిలబడ్డాను. అందరికన్నా ముందు నలుగురు ఒక్క గుంపుగా వచ్చారు, మాది నాలుగోది. ఎత్తు మొదలయ్యే చోట దాని వేలు కదిలింది, గొలుసు పెద్ద చక్రం మీదికి ఎక్కింది, కాళ్ళు వేగం అందుకున్నాయి. నా ముందు నుంచి పోయేటప్పటికి ఒక పిల్లను దాటింది. మూడోదిగా గీత దాటింది. తీసుకున్నారు.

నేను పరుగెత్తుకుంటూ పోయేసరికి అది సైకిల్ తలకిందులు చేసి కూర్చుని ఉంది.

"గెలిచినవు గదనే, ఇంకేంది?"

"మూడో గేరు జర గొణుగుతుంది అవ్వా. పెడల్ తిప్పు."

తిప్పాను.